ఎండీ గారి తెర మీద బాణం

మా సంస్థ పేరు రాష్ట్ర చింతపండు మండలి. అలాంటిదొకటి ఉందని మీరెప్పుడూ వినలేదంటే నేనేం నొచ్చుకోను. చింతచెట్లున్నవాళ్లు కూడా వినలేదు. రాజమండ్రిలో ప్రధాన కార్యాలయం, ఇచ్ఛాపురం నుంచి మదనపల్లె దాకా ఇరవై ఆరు శాఖలు, శాఖకో మేనేజరు, మేనేజరుకో కంప్యూటరు. వాటన్నిటికీ కలిపి నేనొక్కణ్ణే. పేరు గుత్తుల సూరిబాబు. హోదా కంప్యూటర్ టెక్నీషియన్, గ్రేడు రెండు. గ్రేడు ఒకటి ఎవరని అడక్కండి. ఆ పోస్టు పుట్టినప్పటి నుంచీ ఖాళీగానే ఉంది.

ఫిర్యాదు అందిన ఇరవై నాలుగు గంటల్లో టెక్నీషియన్ స్వయంగా హాజరై మరమ్మతు చేయాలని మా నిబంధన. అందుకని నేను బస్సుల్లోనే బతుకుతుంటాను. ఓసారి మదనపల్లె మేనేజరు గారి తెర వెలగడం లేదంటే మూడు బస్సులు మారి వెళ్లాను. వెళ్లి స్విచ్చి వేశాను. తెర వెలిగింది. మేనేజరు గారు నాకు కాఫీ ఇప్పించి, "ఇంతకీ ఏమైందంటావు?" అని అడిగారు. "స్విచ్చి వెయ్యలేదండి" అన్నాను. "అదన్నమాట టెక్నికల్ పాయింటు" అని డైరీలో రాసుకున్నారు.

నెలకి ఇరవై బస్సులెక్కే మనిషికి బస్టాండులో కాక మరెక్కడ సంబంధం కుదురుతుంది? హైమ రాజమండ్రి బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుంటుంది. బస్సు ఎన్నింటికని నేను అడగడం, తను చెప్పడం, ఇలా రెండేళ్లు గడిచాక ఒకరోజు తనే "బస్సు కాకుండా ఇంకేమన్నా అడుగుతారా మీరు?" అంది. అడిగాను. రెండు వైపులా పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. ముహూర్తం పెట్టారు. ఆ పొద్దున్న పాడేరు మేనేజరు గారికి అక్షరాలన్నీ పెద్దవి పడుతున్నాయని ఫోనొచ్చింది. వెళ్లాను. రెండో ముహూర్తం పెట్టారు. పలమనేరులో ప్రింటరు పలకడం లేదన్నారు. వెళ్లి చూస్తే అందులో కాగితాలు లేవు.

మూడో ముహూర్తం కుదిరిన రోజు హైమ నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"ఏవండీ, మొదటిసారి పందిరేసి పీకేశారు. రెండోసారి వంటవాళ్లొచ్చి పులిహోర కూడా కలిపేశారు. మా తణుకంతా తిని, బాగుందన్నారు. పెళ్లికొడుకేడీ అని కూడా అడిగారు. వచ్చే నెల పంతొమ్మిదో తారీకు పొద్దున్న తొమ్మిదీ పదికి మీరు పీటల మీద లేకపోతే, సాయంత్రానికల్లా నేనిక్కడ డ్యూటీలో ఉంటాను. ఆ తర్వాత మీరొచ్చి ఎంత బతిమాలినా బస్సుల టైములు తప్ప ఇంకేం చెప్పను."

హైమ మాటంటే మాటే. వాళ్ల నాన్నగారు నాలాగా మెత్తన, ఆవిడ వాళ్ల నాన్నగారిలా కాదు. నాకు భయం పట్టుకుంది. ఆ మధ్యాహ్నమే కూర్చుని పైకి నోట్ పెట్టాను. దూరాన ఉన్న కంప్యూటరును ఇక్కడ కూర్చునే చూస్తూ, దాని తెర మీద మౌసుతో కదిలే బాణాన్నీ, మీటలనూ ఇక్కడి నుంచే కదిలించి బాగుచేసే సాఫ్ట్‌వేర్లు లోకంలో బోలెడున్నాయనీ, వాటిలో ఒకటి ఎంపిక చేస్తే ప్రయాణాలు తప్పుతాయనీ రాశాను. పెళ్లి సంగతి రాయలేదు. రాస్తే దానికి వేరే ఫైలు తెరుస్తారు.

వారంలో ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు మా ఎండీ చక్రధరం గారు. కన్వీనరు ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంటు సోమయాజులు గారు. ఈయనకి సర్వీసు నిబంధనలన్నీ కంఠతా వచ్చు. నిబంధన ఎటు చూపిస్తే అటు నడుస్తారు, దారిలో గోడ ఉన్నా సరే.

మూడు కంపెనీల వాళ్లు తమ సరుకు చూపించడానికి వచ్చారు.

మొదటి కంపెనీ కుర్రాడు పక్కగదిలో కూర్చుని ఏదో నొక్కాడు. ఎండీ గారి తెర మీద బాణం దానంతటదే కదిలింది. ఒక ఫైలు తెరిచింది. మూసింది. ఎండీ గారు కుర్చీ వెనక్కి జరిపారు.

"ఎవరయ్యా అది? నా చెయ్యి ఇక్కడే ఉంది కదా!"

"అయ్యా, తమ బాణాన్ని పక్కగది నుంచి కదిలిస్తున్నారు" అన్నారు సోమయాజులు గారు, ఇంట్లో పాము దూరిందని చెప్పినట్టు.

"రేపు కొన్నాక ఎవరు కదిలిస్తారు?"

"టెక్నీషియన్ గ్రేడు రెండు. హోదాలో తమకు పదకొండు మెట్లు దిగువ. దిగువ ఉద్యోగి పై అధికారి బాణాన్ని అటూ ఇటూ తిప్పడం ప్రవర్తనా నియమావళి ప్రకారం అవిధేయత కిందికి వచ్చును."

ఎండీ గారు నా వంక చూశారు. నేను గోడకున్న క్యాలెండరు వంక చూశాను. పంతొమ్మిదికి ఇరవై తొమ్మిది రోజులుంది.

రెండో కంపెనీది మర్యాదగల సాఫ్ట్‌వేరు. బాణాన్ని ముట్టుకునే ముందు తెర మీద ఒక పెట్టె వచ్చి, అనుమతిస్తారా అని అడుగుతుంది. కింద రెండు బొత్తాలు, అవును అని ఒకటి, కాదు అని ఒకటి. ఎండీ గారు దాన్ని చాలాసేపు చదివారు.

"రెండే ఉన్నాయేంటి?"

"ఇంకేం కావాలి సార్?" అంది ఆ కంపెనీ అమ్మాయి.

"'పరిశీలనలో ఉంది' ఏదీ?"

అమ్మాయికి అర్థం కాలేదు. సోమయాజులు గారు ఓపిగ్గా వివరించారు. "చూడమ్మా, ఈ సంస్థ పుట్టి ముప్ఫై ఒక్క సంవత్సరాలు. ఇంతవరకూ ఏ అర్జీకీ మేము అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. మీ పెట్టె మమ్మల్ని ఒక నిర్ణయం తీసుకోమని ఒత్తిడి చేయుచున్నది." ఆ అమ్మాయి సామాను సర్దుకుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్లిపోయింది.

మూడోది చూపించేది మాత్రమే. దూరం నుంచి తెర కనిపిస్తుంది, ముట్టుకోవడానికి ఉండదు. ఎండీ గారి ముఖం విప్పారింది.

"ఇదీ పద్ధతంటే. దూరం నుంచి చూస్తూ ఉంటాడు, ఏమీ చెయ్యడు. సరిగ్గా మన పర్యవేక్షణలాగే ఉంది."

నేను ఉండబట్టలేక లేచాను. "సార్, చూస్తే బాగవదండి. ముట్టుకోవాలండి. మొదటిదే కావాలండి."

"పదకొండు మెట్ల సంగతో?"

గదిలో అందరూ ఆలోచనలో పడ్డారు. చివరికి సోమయాజులు గారు కళ్లు మూసుకుని, నిబంధనలు మొదటి నుంచి మననం చేసుకుని, ఒకచోట ఆగి కళ్లు తెరిచారు.

"మార్గం ఉన్నది. అధికారి సెలవు మీద వెళ్లినప్పుడు ఆయన స్థానంలో మరొకరు పనిచేయుట లేదా? ఛార్జి అప్పగింత పత్రం, నమూనా పదకొండు, నాలుగు కాపీలు. సాఫ్ట్‌వేరు వాడే ముందు సదరు అధికారి తన పదవిని టెక్నీషియనుకు అప్పగించవలెను. అప్పుడు బాణం కదిపేది గ్రేడు రెండు కాదు, సాక్షాత్తూ ఆ అధికారే. పని అయిన పిదప పదవిని తిరిగి పుచ్చుకొనవచ్చును. అవిధేయత లేదు."

ఎండీ గారు బల్ల చరిచారు. అందరం చప్పట్లు కొట్టాం. సిగ్గు లేకుండా నేనే ఎక్కువసేపు కొట్టాను. బస్టాండుకి పరిగెత్తుకెళ్లి, ఇక నేను ఏ ఊరూ వెళ్లక్కర్లేదని హైమతో చెప్పాను. తను నవ్వి, "ఇకనించీ ఈ కిటికీ దగ్గరికి పనేం లేకుండానే రావాలి మీరు" అంది.

సాఫ్ట్‌వేరు కొన్న మర్నాడే ఇచ్ఛాపురం మేనేజరు గారికి అంకెలు పడటం మానేశాయి. ఏ మీటో నాకు తెలుసు. దర్జాగా నా కుర్చీలో కూర్చుని సాఫ్ట్‌వేరు తెరిచి, ఛార్జి అప్పగించమని ఆయనకి ఫోన్ చేశాను. పక్కనే ఉన్న సోమయాజులు గారు ఫోను మీద చెయ్యి పెట్టారు.

"నమూనా పదకొండు మీద ఇద్దరూ ఎదురెదురుగా, సదరు కార్యాలయంలోనే సంతకం చేయవలెను. వెళ్లి రా."

ఇచ్ఛాపురం వెళ్లాను. నాలుగు కాపీల మీద సంతకాలు పెట్టాం. ఇచ్ఛాపురం శాఖకు ఇన్‌ఛార్జి మేనేజరునయ్యాను. "ఎలాగూ వచ్చాను కదండీ, ఆ మీటేదో ఇక్కడే నొక్కేస్తాను" అన్నాను.

మేనేజరు గారు కంప్యూటరుకి అడ్డంగా నిలబడ్డారు. "అదేటి బాబూ! దూరం నించి బాగుచేసీ సాఫ్ట్‌వేరు తెచ్చినాక దగ్గర్నించి బాగుచేస్తే ఆడిటోళ్లు ఊరుకుంటారేటి?"

సాఫ్ట్‌వేరు నా సంచిలోని ల్యాప్‌టాపులో వేసుకోవడానికి లేదు. అది ప్రధాన కార్యాలయం ఆస్తిగా రిజిస్టరులో ఎక్కింది, గేటు దాటకూడదు. అందుకని రాజమండ్రి తిరిగొచ్చాను. నా కుర్చీలో కూర్చుని ఇచ్ఛాపురం కంప్యూటరులో ఒక్క మీట నొక్కాను. మళ్లీ ఇచ్ఛాపురం వెళ్లి, ఛార్జి తిరిగి అప్పగించి, మళ్లీ రాజమండ్రి వచ్చాను. వెనక ఒక ఫిర్యాదుకి ఒకసారి వెళ్లొచ్చేవాణ్ణి. సాఫ్ట్‌వేరు వచ్చాక రెండుసార్లు వెళ్లొస్తున్నాను.

నాలుగోసారి నన్ను బస్టాండులో చూసినప్పుడు హైమ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఏవండీ, పనేం లేకుండా రమ్మన్నాను గానీ, ఇన్నిసార్లు రమ్మనలేదు."

జరిగింది చెప్పాను. తను నుదురు కొట్టుకుని వెనక లైనులో ఉన్నవాణ్ణి ముందుకి రమ్మంది.

ఇంతలో మేనేజర్లు ఇంకో సంగతి కనిపెట్టారు. ఛార్జి ఒకసారి అప్పగిస్తే కనీసం ఒక పూర్తి పూట గడిస్తే గానీ తిరిగి పుచ్చుకోకూడదు. ఈలోగా మేనేజరు గారు ఏ పదవీ, ఏ బాధ్యతా లేని మనిషి. ఇంటికెళ్లొచ్చు. చేలోకి వెళ్లొచ్చు. పూట కాస్తా రెండు పూటలై, వారమైనా అడిగేవాడు లేడు. ఫిర్యాదులు వరదలా వచ్చిపడ్డాయి. తెనాలి మేనేజరు గారైతే మొహమాటపడుతూ ఫోన్ చేశారు. "సూరిబాబూ, మాది బానే పనిచేస్తోందయ్యా. దీన్ని పాడుచెయ్యడం ఎలాగో కాస్త చెప్తావా?"

పన్నెండో తారీకు నాటికి నేను పంతొమ్మిది శాఖలకి ఇన్‌ఛార్జి మేనేజర్ని. చింతపండు సంగతి ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. వెనకా ఏమీ కాలేదు, ఇప్పుడూ ఏమీ కాలేదు. అయితే సోమయాజులు గారి దగ్గర నుంచి పంతొమ్మిది మెమోలొచ్చాయి, అన్నీ నాకే. "సదరు శాఖల ఇన్‌ఛార్జి మేనేజరులు పంతొమ్మండుగురూ అనుమతి లేకుండా తమ తమ ఊళ్లు విడిచి వెళ్లరాదు. ప్రస్తుతం వారెవ్వరూ తమ స్థానాల్లో లేనట్టు మా దృష్టికి వచ్చినది. సంజాయిషీ ఇవ్వవలెను." పంతొమ్మిది మంది తరఫునా నేనే సంజాయిషీలు రాశాను. అక్షరాలు ఒకేలా ఉంటే బాగుండదని కొన్ని ఎడంచేత్తో రాశాను.

అసలైన దెబ్బ పదిహేడున తగిలింది. పెళ్లికి ఒక్కరోజు సెలవు అడిగాను.

"ఒక శాఖ మేనేజరు అయితే ఆలోచించి ఉండేవాళ్లం" అన్నారు సోమయాజులు గారు నిజమైన విచారంతో. "పంతొమ్మిది మంది మేనేజరులు ఒకే రోజున సెలవు పెడితే సంస్థ ఏమైపోవాలయ్యా? అదీ అందరికీ ఒకే ముహూర్తానికి పెళ్లంటే నమ్మదగినట్టు కూడా లేదు."

ఆ రాత్రి అన్నం సయించలేదు. హైమకి ఫోన్ చేసే ధైర్యమూ లేకపోయింది.

పద్దెనిమిదో తారీకు మధ్యాహ్నం ఎండీ గారు పిలిపించారు. ఆయన తెర మూడు రోజులుగా తలకిందులైంది. ఏ మీటలు కలిసి నొక్కుకున్నారో, అక్షరాలన్నీ కాళ్లు పైకెత్తి నిలబడ్డాయి. మూడు రోజులుగా ఒక అటెండరు మానిటరును తిరగేసి రెండు చేతుల్తో పట్టుకుని నిలబడుతున్నాడు. ఎండీ గారు అలాగే ఫైళ్లు చూస్తున్నారు.

"సార్, రెండు మీటలు నొక్కితే చాలండి, ఇప్పుడే ఇక్కడే..."

"నొక్కు" అనబోయారు ఎండీ గారు. సోమయాజులు గారు దగ్గారు. నమూనా పదకొండు నాలుగు కాపీలూ అప్పటికే ఆయన చేతిలో ఉన్నాయి.

ఎండీ గారు సంతకం చేశారు. నేను సంతకం చేశాను. గోడ అవతలున్న నా బల్ల దగ్గరికెళ్లి రెండు మీటలు నొక్కాను. పదకొండు సెకన్లు పట్టింది. అటెండరు అమ్మయ్య అని చేతులు దించాడు.

సగంలో ఉన్న పూట లెక్కలోకి రాదు కాబట్టి, ఆ క్షణం నుంచి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా రాష్ట్ర చింతపండు మండలికి నేనే ఎండీని.

అటెండరు కాఫీ తెచ్చి, చక్రధరం గారిని దాటుకుని వచ్చి, నా ముందు పెట్టాడు. చక్రధరం గారు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వరండాలోకి వెళ్లి నిలబడ్డారు. సోమయాజులు గారు నా ఎదుట చేతులు కట్టుకున్నారు. ఆయనలో కల్మషం లేదండీ. పొద్దున్న నన్ను "రావయ్యా" అన్న నోటితోనే "తమరు" అన్నారు.

"సోమయాజులు గారూ, రేపు నాకు సెలవు..."

"ఎండీ గారి సెలవు ప్రభుత్వం మంజూరు చేయవలెనండి. ఆరు వారాలు పట్టును."

ఆ పెద్ద కుర్చీలో కూర్చుని నాకు నిజంగానే ఏడుపొచ్చింది. దాచుకోలేదు. సంస్థలో నన్ను మించినవాడు లేడు, నా పెళ్లికి నేను వెళ్లడానికి లేదు. సోమయాజులు గారు కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"అయ్యా, వివాహం ఎక్కడ?"

"తణుకులో."

"తణుకులో మన శాఖ ఉన్నది. ఎండీ గారు ఏ శాఖనైనా ఆకస్మికంగా తనిఖీ చేయదలిస్తే ఎవరి అనుమతీ అవసరం లేదు. తమరు తణుకు తనిఖీ చేయ సంకల్పిస్తే..." ఆయన కలం తీశారు. "ఎన్ని గంటలకు ఆకస్మికం?"

"తొమ్మిదీ పదికి" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున్న ఎండీ గారి కారులో పెళ్లిమంటపం ముందు దిగాను. వెనక సోమయాజులు గారు ఒక పూలగుత్తితో దిగారు. తనిఖీకి వచ్చిన ఎండీ గారికి శాఖ మేనేజరు పూలగుత్తి ఇవ్వాలి. తణుకు ఇన్‌ఛార్జి మేనేజర్ని కూడా నేనే. కాబట్టి గుత్తి ఎడంచేత్తో పట్టుకుని కుడిచేతికిచ్చి, నాకు నేనే నమస్కారం పెట్టుకున్నాను. ఫోటోలో కళ్లు మూసుకుపోయాయని రెండోసారి ఇప్పించారు. మా కాబోయే మామగారు పక్కకి వచ్చి, "అల్లుడుగారికి ఒంట్లో బానే ఉందా?" అని సోమయాజులు గారిని అడిగారు.

హైమ నన్ను చూసింది. తన కళ్లు తడిశాయి. తొమ్మిదీ పదికి నేను పీటల మీదే ఉన్నాను. జీలకర్రా బెల్లం అయింది. మూడు ముళ్లూ పడ్డాయి. ఇదంతా సోమయాజులు గారు తనిఖీ నివేదికలో "పరిస్థితి సంతృప్తికరం" అని రాసుకున్నారు.

తనిఖీలో ఉన్న ఎండీ ఎక్కడుంటే అదే కార్యాలయమట, అందుకని చక్రధరం గారు ఛార్జి పుచ్చుకోవడానికి అక్కడికే బస్సులో వచ్చారు. బస్సెక్కి ఇరవై ఏళ్లయిందట. మంటపంలో ఎవరూ ఆయన్ని గుర్తుపట్టలేదు, ముందు వరసలోకి రమ్మనలేదు. ఎవరి పక్కనో కూర్చుని బంతిలో భోంచేశారు. ఎవరో ముసలాయనతో కోడిపందేల గురించి గంటసేపు వాదించారు. మూడో బొబ్బట్టు తింటూ సోమయాజులు గారిని అడిగారు.

"ఛార్జి రేపు పుచ్చుకుంటే కుదరదంటారా?"

"కుదరదండి" అన్నారు సోమయాజులు గారు.

సరిగ్గా పన్నెండు కొట్టగానే నాలుగు కాపీల మీద సంతకాలయ్యాయి. నా సంతకాల పక్కన పసుపు మరకలు పడ్డాయి. చక్రధరం గారు నిటారుగా అయ్యారు, మొహంలో నవ్వు పోయింది. సోమయాజులు గారు నా వైపు చూసి, "ఏవయ్యా, లే. ఎండీ గారు నిలబడి ఉన్నారు" అన్నారు. లేచాను. ఎండీ గారు మా ఇద్దరి మీదా అక్షింతలు వేసి, "శుభం. సూరిబాబూ, ఇచ్ఛాపురంలో మళ్లీ అంకెలు పడటం లేదట. రెండున్నరకి బస్సుంది కదా" అని కారెక్కి వెళ్లిపోయారు.

నేను పెళ్లిబట్టల్లోనే సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను. హైమ పక్కనే కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

"ఏవండీ, ఒకటడగనా? నిన్న మధ్యాహ్నం నించి ఇవాళ పన్నెండు దాకా ఎండీ మీరే కదా?"

"నేనే."

"సంతకం పెడితే చెల్లేది కదా?"

"ఎందుకు చెల్లదు? నా మాటకి తిరుగే లేదు."

"మరి ఆ ఛార్జీల రూలు రద్దు చేసేస్తూ ఒక్క ముక్క రాసి పారెయ్యచ్చు కదండీ? మీరు మీ కుర్చీలోంచి కదలక్కర్లేకపోయేది కదా ఇంక!"

చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ ఇరవై గంటల్లో ఆ ఊహ నాకు ఒక్కసారైనా తట్టలేదు. తట్టకపోతే పోనీ, నోరు మూసుకున్నా బాగుండేది.

"అలా ఎలా రాసేస్తాం హైమా?" అన్నాను. "ముందు దానికో సంఘం వెయ్యాలి కదా?"

హైమ ఆ తువ్వాలు లాక్కుని పక్కన పడేసింది. తర్వాత మెళ్లో కొత్తగా పడిన తాళి చేత్తో పైకెత్తి పట్టుకుని, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇది తిరిగి అప్పగించడానికి ఏమన్నా ఫారం ఉందాండీ?"

నమూనా నంబరు నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.